గజంబద్ద గీతలు

జూన్ 9

పిన్నీ,

ముందు కళ్ళజోడు వెతుక్కో. దిండు కింద ఉంటుంది. ఇది ఫోన్లో చెప్పే విషయం కాదు. నేను అరిస్తే హాస్టలంతా వింటుంది, నువ్వు తప్ప. ముప్ఫై రెండేళ్ళు కుట్టుమిషన్ల మధ్య కూర్చుంటే చెవులు మిగులుతాయా అని నువ్వే అంటావుగా.

నా డిసర్టేషన్‌కి ఆఖరికి విషయం దొరికింది. మానవ హక్కుల పీజీలో చివరి ఏడు ఇది రాయకపోతే పట్టా ఇవ్వరు. ఆదివారం క్లాసుల్లో నా చుట్టూ లాయర్లూ టీచర్లూ కూర్చుంటారు. ఒకాయన శరణార్థుల మీద రాస్తున్నాడు, ఇంకొకావిడ జైళ్ళ మీద. నా వంతు వచ్చింది. "మా ఫ్యాక్టరీలో బాత్రూమ్ బిళ్ళ మీద రాస్తానండీ" అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. గైడ్ మేడం మాత్రం నవ్వలేదు. "కూర్చో, మొదట్నుంచి చెప్పు" అంది.

నీకు తెలియంది కాదు గానీ, ఈ కొత్త యూనిట్‌లో ఎలా ఉందో విను. లైనుకి అరవై మందిమి. తలుపు పక్కన ఒక మేకు, మేకుకి ఒక ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ. అది మెళ్ళో ఉంటేనే బాత్రూమ్‌కి వెళ్ళాలి. అరవై మందికీ అదొక్కటే. పోయినవాళ్ళు వచ్చి తగిలించేదాకా రెండోవాళ్ళు కుర్చీ దిగకూడదు. మా సూపర్‌వైజర్ మెళ్ళో స్టాప్‌వాచ్ ఉంటుంది, అందుకే వాడికి గడియారం అని పేరు పెట్టాం. నాలుగు నిమిషాలు దాటితే మిషన్ నంబరు బోర్డు మీద రాస్తాడు. అరచేయి పొడవున్న ఆ బిళ్ళ అంచున ఎందుకో వరసగా చిన్న చిన్న గీతలున్నాయి. తిట్లు లెక్కపెట్టుకోవడానికి పనికొస్తాయి.

నా పక్క మిషన్ మీద కాజాలు కుట్టే పిల్ల పోయిన వారం కళ్ళు తిరిగి పడిపోయింది. కిడ్నీకి ఇన్ఫెక్షన్ అన్నారు. "నీళ్ళు తాగవా అమ్మా?" అని డాక్టర్ అడిగితే, "తాగితే లేవాలి కదండీ" అంది. ఆయన జోకనుకుని నవ్వాడట.

ఈ బిళ్ళ కనిపెట్టినవాడెవడో వాడికి తల్లీ చెల్లీ ఉండి ఉండరని మొదటి అధ్యాయంలో మొదటి వాక్యం రాశాను. మేడం కొట్టేయమంది. నేను కొట్టేయలేదు.

నువ్వు ఇదే కంపెనీ పాత యూనిట్‌లో చేశావు. ఈ బిళ్ళ ఎప్పుడు మొదలైంది, ఎవడు పెట్టాడు, రాసి పంపు. నా దగ్గర కోపం తప్ప చరిత్ర లేదని మేడం అంటోంది. ఆగస్టు ఆఖరుకి ఇచ్చేయాలి. దీంతో పాటు ఒక అంగీకార పత్రం ఉంది, చివర సంతకం పెట్టు. అది లేకపోతే నువ్వు చెప్పింది వాడుకోనివ్వరు.

నీ పిల్ల


జూన్ 24

పీజీ చదువుతున్న అమ్మాయిగారికి,

మీ ఉత్తరమూ, మీరు పంపిన పత్రమూ అందాయి. కళ్ళజోడు దిండు కింద లేదు. నెత్తి మీదే ఉంది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనే. కింద వాటా వాళ్ళు తలుపుకి కొత్త బెల్లు పెట్టించారు. మోగినప్పుడు నాకు వినిపించదు, నేల అదురుతుంది. నేనే ముందు కనిపెట్టి వాళ్ళకి చెబుతున్నాను.

మీ పత్రం రెండుసార్లు చదివాను. "నేను ఎవరి బలవంతమూ లేకుండా" అని మొదలైంది. మీ అమ్మ పోయాక మిమ్మల్ని పెంచినప్పుడు నన్నెవరూ బలవంతం చేయలేదు, ఇప్పుడు చేస్తారా? "ఎప్పుడైనా వైదొలగవచ్చు" అని ఉంది. ఎందులోంచి వైదొలగాలి? "నా పేరు గోప్యంగా ఉంచబడుతుంది" అట. పిన్ని పేరు చెప్పుకోవడానికి అంత నామోషీగా ఉంటే పిన్నిని అడగడం ఎందుకు?

నేను కాగితాల మీద సంతకాలు పెట్టను. మా లైన్లో ఒకావిడ చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుని, మర్నాడు దాని పైన రాజీనామా అని టైపు చేసుకున్నారు. అప్పటినుంచీ హాజరు పుస్తకంలో తప్ప నా చేతిరాత ఎవరికీ దొరకలేదు. పత్రం తిప్పి పంపుతున్నాను.

తల్లీ చెల్లీ లేరనే మాట మీ పాఠాల్లో ఏ పేపర్లో ఉందో తెలియదు. ఉంచుకోండి.

మీ
పిన్నిగారు


జులై 6

పిన్నీ,

"మీరు" అని రాస్తే నేను భయపడతాననుకున్నావా? భయపడ్డాను. అయినా రాస్తున్నాను.

నీ భయం ఏంటో నాకు తెలుసు. రిటైరయినవాళ్ళకి కంపెనీ ఇచ్చిన ఆసుపత్రి కార్డు. బిళ్ళ గురించి నోరు తెరిస్తే కార్డు లాగేసుకుంటారని. ఆ మాట సూటిగా అనొచ్చుగా! పేరు దాస్తామన్నది నిన్ను కాపాడ్డానికి, నామోషీతో కాదు. సంతకం పెట్టనన్నావు, సరే. ఒక్క ప్రశ్నకి జవాబైనా రాయలేకపోయావా? ముప్ఫై రెండేళ్ళు తల వంచుకుని కుట్టావు, మిషను దిగాక కూడా తల ఎత్తలేదు.

ఇంకో సంగతి. నిన్న ఆఫీసులోకి పిలిచారు. ఏసీ గది, టీ కూడా ఇచ్చారు. టీ ఇచ్చారంటేనే అర్థమైంది. "ఏదో పుస్తకం రాస్తున్నావటగా మన గురించి?" అన్నాడు మేనేజర్. "ఫ్యాక్టరీ విషయాలు ఎక్కడా రాయను" అని ఒక కాగితం టైపు చేసి ఉంచారు. జులై 31 లోపు సంతకం పెట్టాలి. పెట్టకపోతే, "మాకు నీలాంటివాళ్ళు అక్కర్లేదు" అని నవ్వుతూ అన్నాడు.

ఫ్యాక్టరీలో నేను ఎవరికీ చెప్పలేదు. పక్క మిషన్ పిల్లకి కూడా తెలియదు. నీకొక్కదానికే రాశాను. పాత యూనిట్ గుమాస్తావిడ నీ దగ్గరికి టీకి వస్తుంది కదూ? నేనేమీ అనడం లేదు. అడుగుతున్నానంతే.

బస్సులో చదువుతున్నాను, క్యాంటీన్ మెట్ల మీద చదువుతున్నాను, కటింగ్ సెక్షన్‌లో పారేసే అచ్చు కాగితాల వెనక రాస్తున్నాను. ప్రపంచ దేశాలన్నీ కలిసి రాసుకున్న మానవ హక్కుల ప్రకటనలో ఇరవై నాలుగో అధికరణం మనిషికి విశ్రాంతి హక్కు ఉందంటుంది. ఆ పేజీ మీద నా మిషన్ నూనె మరక పడింది. పోనీ, గుర్తుగా ఉంటుంది.

నువ్వు చెప్పకపోయినా రాస్తాను.

నేను


జులై 11 (కార్డు)

అందింది. చదివాను. దీనికి కార్డు చాలదు. ఇప్పుడు రాస్తే పెద్ద కాగితం కూడా చాలదు. ఆగు. ఆ 31 లోపు మాత్రం ఎక్కడా సంతకం పెట్టకు.

పిన్ని


జులై 19

ఒసేయ్ పిల్లా,

కోపం దిగాక రాద్దామని ఆగాను. దిగలేదు. సరే, కోపంతోనే రాస్తున్నాను.

నీ సంగతి కంపెనీకి నేను మోశానా? నాకు వినపడదని నాతో ఎవరూ ముచ్చట్లే పెట్టరు. గుమాస్తావిడ టీ తాగి, నా టీవీ చూసి పోతుంది. పోయిన ఏడు నువ్వు రాసిన ఉత్తరం పెట్టెలోంచి తీశాను. "హాస్టల్లో ఉత్తరాలు పోతున్నాయి, అందుకని కాలేజీకి ఫ్యాక్టరీ అడ్రస్ ఇచ్చేశాను" అని నీ చేత్తోనే రాశావు. మీ కాలేజీవాళ్ళు నీ విషయం ఒప్పుకున్నామని చక్కగా ఫ్యాక్టరీకి పంపి ఉంటారు, ఆఫీసువాళ్ళు చక్కగా విప్పి చదివి ఉంటారు. వెళ్ళి కనుక్కో. ప్రపంచం హక్కులన్నీ నోటికొచ్చు, ఏ అడ్రస్ ఎవరికివ్వాలో తెలియదు.

ఆసుపత్రి కార్డు పోతుందని భయమా? ఆ కార్డు తీసుకుని రెండుసార్లు వెళ్ళాను. చెవికి పెట్టుకునేది ఇస్తామని రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. వాళ్ళు చెప్పేదీ నాకు వినపడటం లేదు.

ఇక ఆ బిళ్ళ కనిపెట్టినవాడు. వాడు కాదే. నేను.

కూర్చున్నావా? విను.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మాకు బిళ్ళా లేదు, మేకూ లేదు. చెయ్యెత్తి అడగాలి. అప్పటి సూపర్‌వైజర్ చేతిలో గజంబద్ద ఉండేది. బట్ట కొలవడానికి ఇచ్చారు గానీ దాంతో మా వీపులు పొడిచేవాడు. చెయ్యెత్తితే లైనంతా వినేలా "ఎందుకు?" అనేవాడు. "బాత్రూమ్‌కి" అంటే "బాత్రూమ్‌కి ఎందుకు?" అనేవాడు. మగవాళ్ళు నవ్వేవాళ్ళు. కొత్తగా చేరిన ఒక పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయేమో, నెలసరి వచ్చిన రోజు అడగలేక సైరన్ దాకా అలాగే కూర్చుంది. ఆ రోజు లైన్లో తెల్లబట్ట. లేచేసరికి ఒళ్ళో ఉన్న చొక్కాలన్నీ పాడయ్యాయి. వాడు ఒక్కో చొక్కా గజంబద్ద మీద ఎత్తి అందరికీ చూపించాడు.

మర్నాడు పన్నెండు మందిమి మిషన్లు ఆపేశాం. ఎవరూ అరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నామంతే. నీకు తెలుసుగా, మిషన్లన్నీ ఆగితే ఆ హాల్లో ఎంత నిశ్శబ్దమో. నేను బాగా విన్న ఆఖరి నిశ్శబ్దం అదేననుకుంటా. పైనుంచి పెద్దాయన దిగొచ్చాడు. "ఏం కావాలి?" అన్నాడు. నోరు తెరిచింది నేనే. "అడక్కుండా వెళ్ళాలి. తలుపు దగ్గర నాలుగు బిళ్ళలు పెట్టండి. ఎవరికి అవసరమైతే వాళ్ళు తగిలించుకుని వెళ్తారు. ఎందుకని ఎవరూ అనకూడదు." ఆయన వాచీ చూసుకుని, పోనీ అన్నాడు.

బిళ్ళలు దేంతో చేయాలని నన్నే అడిగారు. నేను సూపర్‌వైజర్ చేతిలోంచి గజంబద్ద తీసుకుని కటింగ్ సెక్షన్‌కి వెళ్ళాను. నాలుగేసి అంగుళాల ముక్కలు నాలుగు కోయించాను. మిగిలింది పొయ్యిలో పెట్టి పన్నెండు మందిమీ టీ కాచుకున్నాం.

నీ ప్లాస్టిక్ బిళ్ళ అంచున ఎందుకో ఉన్నాయన్నావే, ఆ చిన్న గీతలు. అవి అంగుళాల గీతలు. కొత్త యూనిట్‌కి బిళ్ళ చేయించినప్పుడు మా చెక్క ముక్కనే అచ్చు తీయించి ఉంటారు. దేని ముక్కో వాళ్ళకి తెలియదు.

తల వంచుకుని కుట్టానన్నావు. తల వంచకపోతే సూది వేలిలో దిగుతుందే. అప్పుడప్పుడూ ఎత్తాను. చెప్పుకోలేదు, అంతే.

చెక్క ముక్క ఒకటి నా దగ్గరుంది. ఎలా వచ్చిందని అడక్కు.

పిన్ని


జులై 30

పిన్నీ,

నీ ఉత్తరం క్యాంటీన్ మెట్ల మీద చదివాను. రెండో గంట కొట్టినా లేవలేకపోయాను. గడియారం వచ్చి "ఏంటి, ఎవరైనా పోయారా?" అన్నాడు. "కాదు, దొరికారు" అన్నాను.

కాలేజీకి వెళ్ళి కనుక్కున్నాను. నువ్వన్నదే నిజం. దరఖాస్తులో మా ఫ్యాక్టరీ అడ్రస్, నా చేతిరాతే. ఉత్తరం అక్కడికే పంపారట. ఆ అడ్రస్ మార్పించాను. నిన్ను అనుమానించాను కదా, దానికి క్షమాపణ అని రాస్తే నువ్వు తిరిగి "మీరు" అంటావు. అందుకని రాయను. వచ్చాక తిట్టు.

ఈరోజు ఆఫీసుకి వెళ్ళాను. సంతకం పెట్టనని చెప్పాను. మేనేజర్ ఈసారి టీ ఇవ్వలేదు. "అయితే రేపట్నుంచి రావద్దు" అన్నాడు. "సరే, ఎందుకు రావద్దో కాగితం మీద రాసివ్వండి. నా డిసర్టేషన్ చివర జతచేస్తాను, మేడం ఆధారాలు కావాలంటోంది" అన్నాను. ఉద్యోగంలోంచి తీయలేదు. కాలర్ మిషన్ మీంచి తీసి దారాలు కత్తిరించే బల్ల దగ్గర వేశాడు. ఎనిమిది గంటలు నిలబడాలి. నిలబడటం నాకు చేతకాదనుకున్నాడు.

మొదటి అధ్యాయం మొత్తం చింపేశాను. ఎవడో దుర్మార్గుడు ఒక బిళ్ళ కనిపెట్టాడని రాసుకుంటే సులువుగా ఉండేది, తిట్టుకుంటూ పోవచ్చు. ఇప్పుడు వేరే ప్రశ్న పడింది. పన్నెండు మంది కూర్చుని సాధించుకున్నది మా మెడకెలా చుట్టుకుంది? నాలుగు ఒకటెలా అయింది? మేడంకి చెబితే, "ఇది డిసర్టేషన్" అంది. ఇన్నాళ్ళూ రాసింది ఏంటో మరి!

పేరు గురించి అడిగాను. చెప్పినవాళ్ళకి చేటు రాకూడదని దాస్తారట. తన పేరు ఉండాలని వాళ్ళే కోరితే రాయొచ్చట. ఇంకో పత్రం పంపుతున్నాను. వైదొలగడం గురించిన వాక్యం దాంట్లోనూ ఉంది, అది నేను తీయలేను. అక్కడ కళ్ళు మూసుకో.

అడక్కు అన్నావు. అడుగుతున్నాను. ఆ చెక్క ముక్క నీ దగ్గరికెలా వచ్చింది?

నీ పిల్ల


ఆగస్టు 10

మొండిదానికి,

నువ్వు అడుగుతావని తెలిసే అడక్కు అన్నాను.

బిళ్ళలు పెట్టిన తొమ్మిదేళ్ళకి నన్ను లైన్ సూపర్‌వైజర్ని చేశారు. పొంగిపోయాను. కుర్చీ ఇచ్చారు, చేతికి రిజిస్టర్ ఇచ్చారు. ఆరు నెలలకి మేనేజర్ పిలిచి, "నాలుగు ఎందుకమ్మా, ఆర్డర్లు ఎక్కువున్నాయి, మూడు చాలు. నువ్వు చెబితే వాళ్ళు వింటారు" అన్నాడు. నేను చెబితే వింటారని వాడికి తెలుసు. నేనెందుకు చెప్పకూడదో నాకూ తెలుసు. వెళ్ళి నా చేత్తో నేనే ఒక బిళ్ళ తీశాను. ఎవరూ ఏమీ అనలేదు, తీసింది నేను గనక. ఆఫీసులో ఇమ్మన్నారు, ఇవ్వబుద్ధి కాలేదు. జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. మూడు రెండయినప్పుడూ, రెండు ఒకటయినప్పుడూ అడ్డం పడే హక్కు నాకు లేకుండా పోయింది. మొదటిది తీసిందాన్ని నేనే కదా.

తల్లీ చెల్లీ లేరన్నావే, ఆ మాట తగిలింది అందుకే. పత్రం ఒక వంక.

నీకప్పుడు ఏడేళ్ళు. బడికి స్కేలు కావాలని ఏడుస్తున్నావు. జేబులో ఉన్నది తీసి ఇచ్చాను. నీ లెక్కల పుస్తకాలన్నిటికీ అంచు గీతలు దాంతోనే కొట్టుకున్నావు. మర్చిపోయావు.

ఈ కవరులోనే అది పంపుతున్నాను. చూసుకో, గీతలు కలుస్తాయో లేదో.

పత్రం మీద సంతకం పెట్టాను. నా పేరు ఇంటిపేరుతో సహా రాయి, ఒక్క అక్షరం పోయినా ఒప్పుకోను. ఆ పన్నెండు మందిలో ఇంకా నలుగురు బతికున్నారు. మూడు బస్సులు మారి అందరి దగ్గరికీ వెళ్ళాను. ముగ్గురు సంతకం చేశారు. ఒకావిడకి చెయ్యి పడిపోయింది, ఎడంచేతి వేలిముద్ర వేసింది. ఆ చొక్కాల పిల్ల ఇప్పుడు నాయనమ్మ. "నా పేరు ముందు రాయమను" అంది.

నా గురించి మంచి మాత్రమే రాస్తే ఒప్పుకోను. బిళ్ళ పెట్టించింది నేను, తీసింది నేను, రెండూ రాయి. ఇంకో మాట కూడా. ఆ రోజు పెద్దాయన ఏం కావాలంటే నాలుగు బిళ్ళలు అడిగాను. ఎందుకు అడిగాను? బిళ్ళ ఉన్నంతకాలం లెక్కపెట్టేవాడు ఉంటాడు. ఏ బిళ్ళా వద్దని అడగాల్సింది. ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది నాకీ మాట తట్టడానికి. నీ పుస్తకంలో ఎక్కడ పెడతావో పెట్టు.

పిన్ని


నవంబర్ 17

పిన్నీ,

నాకు పట్టా వచ్చేసినట్టే. వైవా అయింది. ఎలా జరిగిందో విను, నీకు వినపడేలా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన నలభై నిమిషాలు నాతో ఆడుకున్నాడు. "నీ ముఖ్య సాక్షి నీ సొంత పిన్ని. ఇక నిష్పాక్షికత ఎక్కడుందమ్మా?" అన్నాడు. "నలభై ఒకటో పేజీ తీయండి సార్. ఆవిడ తన మీద తనే సాక్ష్యం చెప్పుకుంది. అంతకన్నా నిష్పాక్షికంగా మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, పరిచయం చేసుకుంటాను" అన్నాను. గైడ్ మేడం కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆయన ఆ పేజీ చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు నేను నీ చెక్క ముక్కా, ప్లాస్టిక్ బిళ్ళా పక్కపక్కన పెట్టాను. అంగుళానికి అంగుళం, గీతకి గీత కలిశాయి. ఆయన చూపుడువేలితో గీతలు తడిమాడు. మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు.

ఆ ప్లాస్టిక్ బిళ్ళ నా దగ్గరికెలా వచ్చిందని నువ్వు అడుగుతావు. అడక్కు అనను.

వైవాకి ముందు సోమవారం భోజనాల దగ్గర మా లైనువాళ్ళకి నీ మాటలు చదివి వినిపించాను. రెండూ, పెట్టిందీ తీసిందీ. "మీ పిన్ని ఇప్పుడెక్కడుంది?" అని అడిగారు. "నేల అదిరితే తలుపు తీస్తుంది" అని చెప్పాను. డబ్బాలు కడుక్కుని అందరూ మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు చప్పగా అనిపించింది. దారాల బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

పది నిమిషాలకి కాజాల పిల్ల లేచింది. బిళ్ళ మేకు మీంచి తీసింది. మెళ్ళో వేసుకోలేదు. గడియారంగాడి బల్ల మీద పెట్టి, "ఇది మీదండీ. మాకక్కర్లేదు" అని చెప్పి వెళ్ళిపోయింది. వాడు స్టాప్‌వాచ్ నొక్కాడు. ఆమె తిరిగి రాకముందే రెండో ఆమె లేచింది, ఆ తర్వాత మూడో ఆమె. మిషన్లు ఆగలేదు పిన్నీ, లేచినవాళ్ళు కుట్టాల్సిన బట్టల కట్టలు పక్కవాళ్ళు అందుకున్నారు. ఏ బొత్తాం నొక్కాలో వాడికి తెలియలేదు. సాయంత్రం బోర్డు మీద రాయడానికి నంబర్లు చాలా ఎక్కువయ్యాయి. ఏదీ రాయలేదు.

మర్నాడు మేనేజర్ వచ్చి లైనంతా ఒకసారి చూసి వెళ్ళాడు. బిళ్ళ మళ్ళీ తగిలించమని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అంటారు, తెలుసు. అన్న రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎలా కూర్చోవాలో అరవై మందికీ చెప్పి ఉంచాను. నన్నింకా నిలబెట్టే ఉంచారు, కాళ్ళు వాస్తున్నాయి. ఫర్వాలేదు. బిళ్ళ చెత్తబుట్టలో పడేస్తుంటే వైవాకి కావాలని నేను తెచ్చుకున్నాను.

మేకు మాత్రం ఇంకా గోడకే ఉంది. ఊరికే ఎందుకుండాలని కాజాల పిల్ల దానికి తన నీళ్ళ సీసా తగిలించింది. పొద్దున్న నింపుతుంది. మధ్యాహ్నానికి ఖాళీ చేసి, మళ్ళీ నింపుతుంది.

నీ పిల్ల